మృగశిర నాడు సముద్రానికి సెలవు!

రోళ్ళు పగిలే రోహిణి ఎండలు వెళ్ళి, మృగశిర కార్తె మొదలయ్యే రోజున చేప తినాలని మన హైదరాబాద్‌లో పెద్ద పట్టింపు. నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో చేప ప్రసాదం కోసం బారులు తీరేది ఆ రోజుల్లోనే. కొత్తపేట, దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ వీధుల్లో చేపల దుకాణాల ముందు నిలబడటానికి చోటు దొరకదు. ఆ రద్దీలో నిలబడి, ‘‘వంజరం ఉందా? చందువ ఉందా?’’ అని అడిగేవాళ్ళు ఎంతమందో! మా వీధి చివర చేపలమ్మే ఆమె ప్రతి ఏడాదీ విసుక్కోకుండా ఒకటే జవాబు చెబుతుంది. ‘‘సముద్రం చాప ఇప్పుడేడిదక్కా? ఆడ బందువెట్టిండ్రు. కొర్రమీను కొట్టియ్యాల్నా, రవ్వ కొట్టియ్యాల్నా?’’

ఆమె మాట అక్షరాలా నిజం. ఏడాది మొత్తం మీద సముద్రపు చేప దొరకడం అన్నిటికన్నా కష్టమయ్యే రోజులు సరిగ్గా అవే. మనం చేప కోసం ఎగబడే వేళకే సముద్రం సెలవులో ఉంటుంది. ఆ సెలవు ఎందుకో, గాలీ నీరూ ఎలా ఉంటే ఏ చేప పడుతుందో తెలుసుకుంటే మన సంచీ బరువు, పర్సు బరువు రెండూ మన చేతిలోనే ఉంటాయి. అంతకంటే ముఖ్యం, రేపు మన పిల్లలకు కూడా ఆ చేప మిగులుతుంది.

మామిడి సంగతి మనకెవరూ చెప్పక్కర్లేదు. కొత్తపేట పండ్ల మార్కెట్ 2021-22లో బాటసింగారానికి తరలిపోయేదాకా, ఏ పండు ఏ నెలలో వస్తుందో ఈ చుట్టుపక్కల వాళ్ళకి వాసనే చెప్పేసేది. సంక్రాంతికి బంగినపల్లి అడిగితే నవ్వుతారు. కానీ మే నెలలో మచిలీపట్నం వంజరం అడిగితే ఎవరూ నవ్వరు. చేపకూ ఒక కాలం ఉంటుందన్న సంగతి సముద్రానికి దూరంగా ఉన్న మనకు అలవాటు కాలేదు, అంతే.

నిజానికి సముద్రం మనకి మరీ అంత దూరమేమీ కాదు. ఎల్.బి.నగర్ కూడలి నుంచి విజయవాడ వైపు పోయే 65వ నంబరు జాతీయ రహదారి ఆ చివర మచిలీపట్నం దాకా వెళుతుంది. ఐసు పెట్టెలతో తెల్లవారుజామున ఊళ్ళోకి దిగే వ్యానుల్లో చాలా వరకు ఈ దారినే వస్తాయి. అంటే మన వీధి ఆ చివర సముద్రం ఉన్నట్టే!

రెండు తీరాలూ మూసే పద్నాలుగు రోజులు

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, మొత్తం 61 రోజులు, మర పడవలు వేటకు పోకూడదు. 2015కి ముందు ఈ నిషేధం 47 రోజులే ఉండేది. ఇంజను లేని సంప్రదాయ తెప్పలకు మాత్రం మినహాయింపు ఉంది. పడమటి తీరంలో ఇదే నిషేధం జూన్ 1 నుంచి జులై 31 వరకు.

ఇప్పుడు వేళ్ళు మడిచి లెక్క వేయండి. ఏప్రిల్, మే నెలల్లో విశాఖ, కాకినాడ రేవులు ఖాళీగా ఉన్నా ముంబై, మంగళూరు, కొచ్చి వైపు నుంచి కొంత సరుకు వస్తుంది. జూన్ 15 తరువాత అక్కడ మూసినా ఇక్కడ తెరుస్తారు. మిగిలింది జూన్ 1 నుంచి 14 వరకు. ఆ పద్నాలుగు రోజులు రెండు తీరాల్లోనూ మర పడవలు కట్టేసే ఉంటాయి. మృగశిర కార్తె ప్రవేశించేది జూన్ 7, 8 తేదీల్లో! కాబట్టి ఆ రోజు ‘ఇవాళే పట్టిన సముద్రపు చేప’ అని ఎవరైనా అంటే ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. అది చిన్న తెప్ప మీద పట్టిన నాలుగు చేపల్లో ఒకటైనా కావాలి, ఎన్నాళ్ళుగానో గడ్డకట్టించి దాచిన సరుకైనా కావాలి.

ఇందులో బాధపడాల్సింది ఏమీ లేదు. మృగశిర పట్టింపు పుట్టిందే చెరువు చేపతో. తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను. రవ్వ, బొచ్చె కూడా చెరువుల్లోవే. మన పెద్దవాళ్ళు ఆ రోజున తిన్నది కూడా ఇవే. వంజరం కావాలన్నది మన తరం ముచ్చట. ఆ ముచ్చట రెండు వారాలు ఆగితే సముద్రంలో గుడ్లతో ఉన్న తల్లి చేపలు గుడ్లు పెట్టుకుంటాయి. నిషేధం పెట్టిందే అందుకు.

గాలి తిరిగితే వల నిండుతుంది

మరి మిగతా పది నెలలూ ఒకేలా ఉంటాయా అంటే, ఉండవు. మన తీరం వెచ్చని తీరం. ఏడాదిలో ఎక్కువ రోజులు పైనీరు గోరువెచ్చగా ఉంటుంది. వెచ్చని నీళ్ళలో చేపల రకాలు ఎక్కువ. కానీ ఏ రకం ఒడ్డుకు దగ్గరగా వస్తుందో గాలి నిర్ణయిస్తుంది.

మార్చి నుంచి మే వరకు నైరుతి గాలి తీరం వెంబడి వీస్తుంది. అది పైనున్న నీటిని సముద్రం లోపలికి తోసేస్తుంది. ఆ ఖాళీని పూడ్చటానికి అడుగునుంచి చల్లటి నీరు పైకి వస్తుంది. కుండ అడుగున పేరుకున్నదంతా గరిటె పెట్టి కలిపితే పైకి తేలినట్టు, ఆ నీళ్ళతో పాటు అడుగున ఉన్న సారం పైకొస్తుంది. దాంతో కంటికి కనబడని నాచు పెరుగుతుంది. నాచును తినే చిన్న జీవులు, వాటి కోసం నెత్తళ్ళు, కవ్వళ్ళు, వాటి వెనకాల కోనెం, సూర చేపలు! 1950లలో ఆంధ్రా యూనివర్సిటీకి వచ్చి పనిచేసిన అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లఫాండ్ విశాఖ తీరంలో ఈ సంగతిని పరిశోధించారు.

వానాకాలం కథ వేరు. గోదావరి, కృష్ణ వరద నీరు ఎర్రగా సముద్రంలోకి దూకుతుంది. ఒడ్డు దగ్గర ఉప్పు తగ్గిపోతుంది. తేట నీరు కావాలనుకునే చేపలు లోపలికి తప్పుకుంటాయి. సరిగ్గా అప్పుడే సముద్రంలో ఉండే విలస చేప వరద నీటికి ఎదురీది గోదావరిలోకి వస్తుంది. నదిలోకి వచ్చాకే దానికి పులస అన్న పేరూ, ఆ రుచీ. ధవళేశ్వరం ఆనకట్ట దాకానే దాని ప్రయాణం. పుస్తెలమ్మైనా పులస తినాలంటారు గానీ, పుస్తెలు అమ్మేది ఎవరో, తినేది ఎవరో ఆ సామెతలో చెప్పలేదు చూశారా!

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫానుల భయం. 2014 అక్టోబరు 12న విశాఖను హుద్‌హుద్ ఊపేసిన సంగతి ఎవరూ మరిచిపోలేదు. తుఫాను కబురు అందితే పడవలు కదలవు. రెండు రోజులకల్లా మన దగ్గర ధర ఎగబాకుతుంది. ధర పెరిగిందని దుకాణదారుణ్ణి తిట్టే ముందు ఆ రోజు వాతావరణం కబుర్లు ఒకసారి వినాలి.

డిసెంబరు తరువాత సముద్రం శాంతిస్తుంది. వరద మట్టి అడుగుకు దిగి నీరు తేటపడుతుంది. గాలం వేటకు ఇదే మంచి అదను. కానాగంతలు బాగా కనిపించేవీ ఈ చలికాలం నెలల్లోనే. ఈ కానాగంతకు ప్రపంచమంతటా శాస్త్రవేత్తలు వాడే పేరు ‘రాస్ట్రెల్లిగర్ కానగుర్త’. ఆ రెండో మాట మన తెలుగు మాటే! ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాటిష్ వైద్యుడు విశాఖపట్నంలో సేకరించిన 200 చేపల బొమ్మలతో 1803లో ఒక పుస్తకం వేశాడు. ఒడ్డున జాలర్లు చెప్పిన పేర్లనే అందులో రాసుకున్నాడు. వాటిలో ఈ పేరు శాస్త్రంలోకి ఎక్కి కూర్చుంది. మన గిన్నెలో పులుసుకు ఇంత చరిత్ర ఉంది మరి.

గాలితో పాటు చంద్రుణ్ణీ చూడాలి. అమావాస్యకు, పౌర్ణమికి పోటు, పాటు రెండూ ఎక్కువ. నీరు జోరుగా కదులుతుంది. కాకినాడ దగ్గర కోరింగ మడ అడవుల్లో పాటు మొదలై నీరు వెనక్కి లాగేటప్పుడు చిన్న రొయ్యలు, చేపపిల్లలు కాలువల్లోంచి కొట్టుకొస్తాయి. కాలువ నోటి దగ్గర పండుగప్ప కాచుకుని ఉంటుంది. పెళ్ళి భోజనాల దగ్గర వడ్డన బంతి మొదట్లో కూర్చునేవాళ్ళ తెలివి దానిది!

ఈకల గాలం

గాలం అంటే మనకు తెలిసింది ఎర గుచ్చిన కొక్కెం. దీనికే ఇంకో రూపం ఉంది. పాశ్చాత్య దేశాల్లో ‘ఫ్లై ఫిషింగ్’ అంటారు. కొక్కేనికి ఎర గుచ్చరు. పక్షి ఈకలు, వెంట్రుకలు, తళతళలాడే దారాలు చుట్టి చిన్న చేపలాగానో, రొయ్యపిల్లలాగానో తయారుచేస్తారు. మన కుట్టుపని, లేసుపని వచ్చిన చేతులకు ఇట్టే పట్టుబడే విద్య అది. మామూలు గాలానికి సీసపు గుండు బరువుంటుంది కాబట్టి విసిరితే దూరం పోతుంది. ఈకకు బరువేముంటుంది? అందుకని బరువంతా దారంలోనే ఉండేలా లావుపాటి తాడు వాడతారు. కర్రను వెనక్కీ ముందుకీ ఊపుతూ ఆ తాడును గాల్లో బారుగా సాగదీసి, చేప ముందు ఈకను సుతారంగా దించుతారు.

మొదట్లో ఇది చల్లటి ఏటి నీళ్ళ ఆట. తరువాత వెచ్చని సముద్ర తీరాలకూ పాకింది. సముద్రం దగ్గర దీనికి చూసుకోవాల్సినవి మన జాలర్లు చూసుకునేవే. గాలి తక్కువగా ఉండాలి, లేకపోతే ఈక గాల్లోనే మెలి తిరుగుతుంది. నీరు తేటగా ఉండాలి, చేపను కంటితో చూసి విసరాలి. పోటో పాటో నడుస్తూ ఉండాలి, నిలిచిన నీళ్ళలో చేప మేతకు రాదు. ఇంటికొచ్చాక కర్ర, చక్రం అన్నీ మంచినీళ్ళతో కడగాలి. లేకపోతే ఉప్పు తినేస్తుంది.

ఈ విద్యలో ఆడవాళ్ళు ఏమాత్రం తీసిపోలేదు. అమెరికాకు చెందిన జోన్ వుల్ఫ్ 1951లో మిగతా పోటీదారులందరూ మగవాళ్ళే అయిన దూరం విసిరే పోటీలో గెలిచారు. 1960లో 161 అడుగుల దూరం విసిరారు. దీనికి బలం కంటే లయ ముఖ్యమని ఆ గెలుపులే చెబుతాయి.

మనకి సంబంధం లేని ఆట కదా అనుకోకండి. వాళ్ళు ఈకల గాలంతో వెంటపడే చేపలు మన పులుసులోవే. ఆస్ట్రేలియా ఉత్తర తీరంలో జనం పిచ్చిగా ఇష్టపడే బర్రముండి ఇంకేదో కాదు, మన పండుగప్పే. అండమాన్ దీవులకు విదేశీయులు విమానాలెక్కి వచ్చేది పారల జాతిలో అతి పెద్ద చేప కోసం. అక్కడ ఈ వేటకు మంచి కాలం డిసెంబరు నుంచి ఏప్రిల్ వరకు. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో శ్రీకాకుళం, విశాఖ జిల్లాల నుంచి వెళ్ళి స్థిరపడ్డ తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళలో వేట మీద బతికేవాళ్ళూ ఉన్నారు. ఇంత శ్రమపడి పట్టిన పెద్ద పారను ఆ వచ్చినవాళ్ళు ఏం చేస్తారో తెలుసా? ఫొటో తీసుకుని మళ్ళీ నీళ్ళలో వదిలేస్తారు!

మన ఇళ్ళల్లో ఈ మాట చెబితే ‘పట్టినదాన్ని వదలడమేమిటి, చోద్యం కాకపోతే’ అంటారు. కడుపు కోసం పట్టేవాడికీ, సరదాకి పట్టేవాడికీ తేడా ఉంది, ఒప్పుకుంటాను. కానీ ఆ వదిలెయ్యడం వెనక ఒక తెలివి ఉంది. అది పండుగప్ప కథలో బాగా తెలుస్తుంది.

మగ పండుగప్ప ఆడదవుతుంది!

పండుగప్ప పుట్టాక మొదట మగ చేపగా ఎదుగుతుంది. సుమారు ఆరేడేళ్ళ వయసులో, బాగా పెద్దదయ్యాక, ఆడ చేపగా మారుతుంది. అంటే చిన్నవన్నీ తండ్రులు, పెద్దవన్నీ తల్లులు. ఒక పెద్ద తల్లి చేప పెట్టే గుడ్లు లక్షల్లో ఉంటాయి. విందు పెద్దదని, చేప కూడా పెద్దదే కావాలని మనం ముచ్చటపడి కొన్న పది కిలోల పండుగప్ప దాదాపు ఎప్పుడూ ఒక తల్లే.

అందుకే ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ తూర్పు తీరంలో ఒక నియమం పెట్టారు. 58 సెంటీమీటర్ల కంటే చిన్న పండుగప్పను పట్టుకోకూడదు, 120 సెంటీమీటర్ల కంటే పెద్దదాన్నీ పట్టుకోకూడదు. గాలానికి పడితే వదిలెయ్యాలి. పిల్లనూ వదలాలి, తల్లినీ వదలాలి. గుడ్లు పెట్టే కాలమని నవంబరు 1 నుంచి ఫిబ్రవరి 1 వరకు అసలు వేటే లేదు. మన దేశంలో కేరళ 2015లో మొదలుపెట్టి ఇంతకంటే చిన్న చేపను పట్టకూడదని రకం రకానికి కొలత పెట్టింది.

మనం కొలబద్ద పట్టుకుని బజారుకి పోలేం. కానీ ఒకటి చేయవచ్చు. పండుగప్ప కావాలంటే చెరువులో పెంచిన కిలో, కిలోన్నర చేప అడగండి. చెన్నైలోని ఉప్పునీటి చేపల పరిశోధనా సంస్థ ‘సీబా’ 1997లో పండుగప్ప పిల్లల్ని హేచరీలో పుట్టించగలిగింది. కాబట్టి ఆ రుచికి సముద్రంలోని తల్లిని తేవక్కర్లేదు. అలాగే వేలెడంత వంజరం పిల్లలు, చందువ పిల్లలు కుప్ప పోసి చవగ్గా అమ్ముతుంటే ఆశపడకండి. ఆ కుప్పలో ఉన్నవి రేపటి వంజరాలు. నెత్తళ్ళు, కవ్వళ్ళ సంగతి వేరు. అవి ఎదిగినా అంతే ఉంటాయి, త్వరగా పెరుగుతాయి కూడా. చిన్న చేప తినాలనిపిస్తే అవి ఉండనే ఉన్నాయి.

కబురు మాత్రం హైదరాబాద్ నుంచే

ఇంకో తమాషా వినండి. సముద్రంలో చేప ఎక్కడుందో జాలర్లకు కబురు చెప్పేది సముద్రమే లేని మన హైదరాబాద్! కొత్తపేటకు నగరం ఆ చివర, ప్రగతినగర్‌లో ‘ఇన్‌కాయిస్’ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. 1999లో ఏర్పడింది. 2007 నుంచి సునామీ హెచ్చరికలు ఇచ్చేదీ ఇదే.

ఉపగ్రహాలు తీసిన చిత్రాల్లో సముద్రం పైనీటి వేడి, నాచు పచ్చదనం చూస్తారు. చల్లటి నీరు, వెచ్చటి నీరు కలిసే అంచుల దగ్గర మేత ఎక్కువ, కాబట్టి చేప గుమిగూడే అవకాశమూ ఎక్కువ. ఏ రేవు నుంచి ఏ దిక్కున, ఎంత దూరంలో, ఎంత లోతులో అని లెక్కకట్టి తెలుగుతో సహా తీర ప్రాంతాల భాషల్లో తెలియజేస్తారు. మబ్బు కమ్మిన రోజున ఉపగ్రహానికి నీరు కనబడదు కాబట్టి ఆ రోజు కబురు ఉండదు. నిషేధం రోజుల్లోనూ ఉండదు. దీనివల్ల పడవ ఊరికే తిరగడం తగ్గి డీజిలు మిగులుతుంది. మన ఊరు నుంచి కబురు వెళుతుంది, మన ఊరికి చేప వస్తుంది. బాగుంది కదా ఈ ఇచ్చిపుచ్చుకోవడం!

అయినా సముద్రం సముద్రమే. విశాఖ దక్షిణాన పూడిమడక, ముత్యాలమ్మపాలెం వంటి పల్లెల వాళ్ళు చిన్న ఇంజను పడవల మీద చాలా దూరం వెళ్ళి గాలాలతో పెద్ద చేపలు పడతారు. 2022 ఫిబ్రవరిలో ముత్యాలమ్మపాలెం మత్స్యకారుడొకరు కొమ్ముకోనెం పొడవడంతో చనిపోయారు. 2025 జులైలో పూడిమడక నుంచి వెళ్ళిన ఒకరిని గాలానికి పడ్డ పెద్ద చేప నీళ్ళలోకి లాగేసింది. మనం తూకంలో వంద గ్రాములు తగ్గిందని గొడవపడే ముక్క వెనక ఒక్కోసారి ఇంత ఉంటుంది.

తట్ట ఎత్తుకునే తల్లులు

మగవాళ్ళ వేట ఒడ్డుకు చేరగానే ముగుస్తుంది. ఆడవాళ్ళ పని అక్కడే మొదలవుతుంది. వేలంపాటలో చేప కొనేది, కోసేది, ఉప్పు పట్టించేది, ఎండబెట్టేది, తట్ట ఎత్తుకుని ఊరూరా తిరిగి అమ్మేది చాలా చోట్ల వాళ్ళే. అప్పు తెచ్చి సరుకు కొంటారు. సాయంత్రానికి అమ్ముడుపోకపోతే ఆ నష్టం వాళ్ళదే.

నిషేధం 61 రోజులకూ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చే భృతిని 2019లో 10,000 రూపాయలు చేశారు. 2025లో ‘మత్స్యకార సేవలో’ పేరుతో 20,000 చేశారు. మంచిదే. కానీ ఈ డబ్బు పడవ మీద వేటకు వెళ్ళేవాళ్ళ లెక్కన వస్తుంది. తట్ట ఎత్తుకునే ఆమె ఆ లెక్కలోకి రాదు. పడవ కట్టేస్తే ఆమె తట్టా బోర్లిస్తుంది కదా! సముద్రం మేలు కోసం ఆమె కూడా రెండు నెలలు పస్తుల అంచున నిలబడుతోంది కదా! చేపల అమ్మకం మీదే బతికే ఆడవాళ్ళను కూడా లెక్కలోకి తీసుకోవాలని అడగటం న్యాయమే అనిపిస్తుంది నాకు.

ఆ రోజుల్లో వాళ్ళకు ఆసరా ఎండుచేపలే. అందుకే వేసవిలో తాజా వంజరం కోసం వెతికేబదులు ఎండు నెత్తళ్ళు, ఎండు రొయ్యలు తెచ్చుకోండి. మామిడికాయ వేసి ఎండు నెత్తళ్ళ కూర చేస్తే మే నెలకు అంతకంటే పొందికైన వంట ఏముంది?

కొనేముందు నాలుగు మాటలు

కన్ను ఉబ్బెత్తుగా, తేటగా ఉండాలి. మొప్ప ఎత్తి చూస్తే ఎర్రగా ఉండాలి. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోకూడదు. సముద్రపు వాసన ఉండాలి గానీ కుళ్ళు వాసన ఉండకూడదు.

నిల్వ ఉండటానికి ఫార్మలిన్ కలుపుతున్నారన్న గొడవ 2018లో కేరళలో, అస్సాంలో పెద్దదయింది. ఆంధ్ర నుంచి వచ్చే చేపల్ని అస్సాం ఆ జులైలో పది రోజులు నిషేధించింది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ ఫార్మలిన్ ఉందో లేదో తేల్చే కాగితపు పట్టీల కిట్ తయారుచేసింది. చేప కర్రలా బిగుసుకుని, అసలు చేప వాసనే రాకపోతే అనుమానించండి.

కానాగంతలు, సూర చేపలు ఐసు లేకుండా ఎండలో ఉంటే వాటిలో హిస్టమిన్ అనే పదార్థం తయారవుతుంది. ఎంత ఉడికించినా అది పోదు. ఒళ్ళు ఎర్రబడి దద్దుర్లు, తలనొప్పి వస్తాయి. అందుకే ఈ రకాలు ఐసు మీద ఉన్నవే కొనండి. ఇంటికి రాగానే శుభ్రం చేసి ఫ్రిజ్‌లో పెట్టండి.

గర్భిణులకు, బాలింతలకు ఒక ప్రత్యేకమైన మాట. పాలు పడతాయని పాలసొర్ర వండిపెట్టే అలవాటు కోస్తాలో ఉంది. కానీ పెద్ద చేపల్ని తిని బతికే సొర్రలు, కొమ్ముకోనెం వంటి వాటి ఒంట్లో పాదరసం పేరుకుంటుంది. అది కడుపులో బిడ్డ మెదడుకు మంచిది కాదు. నెత్తళ్ళు, కవ్వళ్ళు, కానాగంతలు తింటే బిడ్డకు కావలసిన మంచి కొవ్వు అందుతుంది. పాదరసం భయం తక్కువ. చవక కూడా.

అన్నిటికంటే ముందు దుకాణంలో అడిగే ప్రశ్న మార్చి చూడండి. ‘‘వంజరం ఉందా?’’ అని కాకుండా ‘‘ఇవాళ ఏం వచ్చింది?’’ అని అడగండి. నేనలా అడగటం మొదలుపెట్టాక ఎప్పుడూ వండని రకాలు మా ఇంటికొచ్చాయి. తక్కువ ధరకు మంచి చేప దొరికింది. అమ్మే ఆమె కూడా దాచుకోకుండా, ‘‘ఇయ్యాల గిది తీస్కపోకక్కా, నిన్నటిది’’ అని చెబుతోంది. మనం కోరిన చేపను సముద్రం ఎప్పుడూ ఇవ్వలేదు. అది ఇచ్చిన చేపను వండుకోవడం మన చేతిలో పని.

వచ్చే మృగశిరకు చెరువు చేపతో పులుసు పెట్టండి. జూన్ 15 తెల్లవారుజామున మన తీరంలో పడవలు మళ్ళీ కదులుతాయి. మూడు నాలుగు రోజులు ఓపిక పడితే చాలు. గుడ్లు పెట్టి తేలికపడ్డ సముద్రం మన వాకిట్లోకి వచ్చేస్తుంది.